ముఖానికి మూడు బ్రష్షులు

ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. ఇంకాస్త దగ్గరికి. ఎన్నన్నావు, ఇరవై నాలుగు బ్రష్షులా? ఒక్క ముఖానికే? రోజూ ఆఫీసుకి వెళ్ళడానికే? సర్లే, ముఖం నీది, కాదనడానికి నేనెవర్ని. మీ నాయనమ్మ ఉంటే మాత్రం ఆ పెట్టెలోంచి మూడే మూడు ఏరి, మిగతావి అమ్మినవాడి ముఖానే కొట్టమనేది. లావుది ఒకటి, పౌడరుకి. దానికంటే చిన్నది, కొస కాస్త ఏటవాలుగా ఉన్నది, బుగ్గలకి. ఇంకోటి సన్నది, కనుబొమలకీ కంటి అంచుకీ. అంతే, రోజూ వాడకానికి నాలుగోది దండగ. నవ్వుతావేంటే, తాతకేం తెలుసులే అనా? ఆవిడ ఆ మూడూ కొన్నది నా దగ్గరే. నువ్వు పుట్టేసరికే ఆవిడ వెళ్ళిపోయింది, ఇవన్నీ నీకెవరు చెప్తారు. మీ నాన్నకి చెబ్దామంటే వాడు కుదురుగా కూర్చునే రకమా.

అప్పట్లో మాది రంగుల దుకాణం. రంగులంటే ముఖాలకి కాదు తల్లీ, గోడలకీ తలుపులకీ. మా నాన్న లోపల కర్రతో రంగులు కలిపేవాడు, నేను ముందు బల్ల దగ్గర. ఇరవై మూడేళ్ళవాణ్ణి, మీసం ఉంది, బుర్ర కూడా ఉందనే నా నమ్మకం. మీ నాయనమ్మ రెండు వీధుల అవతల ఫొటో స్టూడియోలో పని చేసేది. ఫొటో దిగడానికి వచ్చినవాళ్ళ జిడ్డు తుడిచి, పౌడరద్ది, జుట్టు సర్ది కూర్చోబెట్టాలి. ఆ స్టూడియో ఆయనకి కోపం ముక్కు మీదే. ఒకసారి ఏమైందంటే, ఫ్యాన్సీ షాపులో కొన్న బ్రష్షు వెంట్రుక ఊడి పెళ్ళికొడుకు ముక్కు మీద పడింది. ఫొటోలో కూడా పడింది. అది చూసి పిల్ల తరఫువాళ్ళు, అబ్బాయికి ముక్కు చీలిందా, కుట్లు వేశారా అని కబురు పెట్టారట. మాకు తెలిసిన ఒకాయన ఉండేవాడు, ఆయనకి నిజంగానే ముక్కు మీద కుట్లు, అయినా రెండు పెళ్ళిళ్ళయ్యాయి, సరే ఆ గొడవ ఇప్పుడెందుకు. ఏం చెప్తున్నాను? ఆ, బ్రష్షు. వెంట్రుకలు ఊడని బ్రష్షు కావాలంటే రంగుల దుకాణానికి వెళ్ళమని ఎవరో చెప్పారట ఆవిడకి.

వచ్చి నిలబడి, "ముఖానికి బ్రష్షు కావాలండీ" అంది. నేను తలెత్తకుండానే, "ఎంత వెడల్పు ముఖం?" అన్నాను. మా దుకాణంలో ముఖం అంటే ఇంటి ముందు గోడ. మేస్త్రీలందరూ అలాగే అడిగేవాళ్ళు, ముఖానికి ఎన్ని డబ్బాలు పడతాయి, ముఖం పెచ్చులు లేచిపోయింది అని. ఆవిడేమో, "మామూలు ముఖమేనండీ" అంది. "రంగేసి ఎన్నేళ్ళయింది?" అన్నాను. "రోజూ వేస్తాం" అంది. రోజూ రంగేసే ఇల్లేంటా అని అక్కడైనా నాకు వెలగాలా వద్దా. వెలగలేదు. "అయితే పాత పొరలు బాగా పేరుకుపోయి ఉంటాయి, ముందు ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దించండి, పగుళ్ళున్న చోట లప్పం పెట్టించండి, ఆరాక రెండు పూతలు వేశారంటే ఎంత పాత ముఖమైనా గుర్తుపట్టలేరు" అని గడగడా అప్పజెప్పాను. లోపల కర్ర చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తలెత్తాను. ఆ తర్వాత దించబుద్ధి కాలేదనుకో, అది వేరే సంగతి. ఆవిడేమీ కోప్పడలేదు. నా మొటిమల మచ్చల వంక తీరిగ్గా చూసి, "ఉప్పుకాగితం మీరు వాడి చూశారా?" అంది.

ఇంక ఏం చేస్తాను, దుకాణంలో ఉన్న మెత్తని సరుకంతా దించాను. గోడ బ్రష్షులు పంది వెంట్రుకలవి, ముళ్ళలా గుచ్చుకుంటాయి. బోర్డులు రాసేవాళ్ళకి ఉడత వెంట్రుకలవి ఉండేవి, అవి చూపించాను. ఆవిడ ఎంచుతుంటే చూడాలి. వెంట్రుకల్ని వేళ్ళతో పట్టి మెల్లగా లాగేది, ఊడితే పక్కన పెట్టేసేది. అరచేతికేసి నొక్కి వదిలేది, తిరిగి నిలబడకపోతే అదీ పక్కకే. చివరికి కళ్ళు మూసుకుని రెప్ప మీద రాసుకునేది. "చేతికి మెత్తగా ఉన్నవన్నీ రెప్పకి మెత్తగా ఉండవండీ" అనేది. అలా మూడు తీసుకుని వెళ్ళింది. వెళ్ళాక మా నాన్న బయటికొచ్చి, "లప్పం కూడా కట్టివ్వకపోయావా" అన్నాడు.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఇంకో బ్రష్షుకి. ఆ పై వారం ఇంకోటి. అలా రెండు నెలలు దాటాయి. నాకు సంతోషమే, కానీ భయం కూడా పట్టుకుంది. నేనిచ్చిన సరుకు వారం కూడా ఆగట్లేదా అని. మంచి బ్రష్షు ఇస్తే మళ్ళీ రాదు, నాసిరకం ఇస్తే వేరే దుకాణం చూసుకుంటుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి. నిజం చెప్తున్నా, ఆవిడ రాని వారం నాకు అన్నం సయించేది కాదు. అయినా ఏం చేశానో తెలుసా? నీతిమంతుడి కొడుకుని కదా, ఒక రోజు ఆవిణ్ణి బల్ల దగ్గర నిలబెట్టి పాఠం చెప్పాను. గోరువెచ్చటి నీళ్ళు, కాస్త సబ్బు, కొసలు మాత్రమే తడపాలి, వెంట్రుకలు బిగించిన రేకు దాకా నీళ్ళు పోతే జిగురు కరిగి వెంట్రుకలు ఊడతాయి, పిండకూడదు, గుడ్డతో అద్ది పడుకోబెట్టి ఆరనివ్వాలి, నిలబెడితే నీళ్ళు లోపలికి దిగుతాయి. "ఇలా చూసుకున్నారంటే పదేళ్ళు వస్తాయి, మళ్ళీ మా దుకాణం గడప తొక్కే పనే ఉండదు" అన్నాను. అంత గొప్పగా అన్నాను తల్లీ ఆ మాట. ఆవిడ ముఖం చిన్నబోయింది. "పదేళ్ళా" అంది. "సరేనండీ" అంది. వెళ్ళిపోయింది.

ఒక వారం రాలేదు. రెండు, మూడు. కుండీలో మొక్కలా వాడిపోయి కూర్చున్నాను. మా నాన్న చూసి చూసి, "ఒరేయ్, ఇన్నేళ్ళు ఈ బల్ల దగ్గర కూర్చున్నాను, కొనడానికొచ్చినవాణ్ణి ఇంక రావద్దని సాగనంపినవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు. నేను, "అది కాదు నాన్నా, సరుకు పాడైపోతోందని" అంటుంటే, "పాడైంది సరుకు కాదురా, నీ బుర్ర. ఇవాళ దుకాణం నేను చూసుకుంటాను, పోయి ఫొటో దిగు" అన్నాడు.

వెళ్ళాను. నన్ను చూసి కుర్చీ చూపించింది. స్టూడియో ఆయన పక్కగదిలో లైట్లు సర్దుకుంటున్నాడు. అద్దం ముందు గాజుగ్లాసులో నా మూడు బ్రష్షులూ ఉన్నాయి, వాడి వాడి కర్రల మీద రంగు పోయింది. పక్కన ఒక డబ్బాలో తొమ్మిది. చీటీ కూడా చింపలేదు. "ఇవి వాడలేదేంటండీ?" అన్నాను. "కళ్ళు మూసుకోండి, పౌడరు పడుతుంది" అంది. మూసుకున్నాను. బ్రష్షు వచ్చి నుదుటి మీద ఆనింది, మెల్లగా బుగ్గ దాకా వచ్చింది. అప్పుడు, "ముఖానికి మూడు చాలండీ. ఏమీ కొనకుండా ఊరికే వస్తే మీ నాన్నగారు ఏమనుకుంటారో అని" అంది.

ముప్పై ఆరేళ్ళు కాపురం చేశాను. కోపంగా ఉన్నప్పుడు చూశాను, నవ్వుతున్నప్పుడు చూశాను, జ్వరంలో చూశాను, చివరి రోజున కూడా చూశాను. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉందో మాత్రం నాకు తెలీదు. కళ్ళు మూసుకున్నాను కదా.

కాసిన్ని మంచినీళ్ళు తెచ్చిపెట్టు తల్లీ.