లారీల లెక్క

మెదక్ బస్టాండు ముందటి చౌరస్తా, సాయంత్రం ఐదున్నర. ట్రాఫిక్ గొడుగు కింద హోంగార్డు వెంకట్రాములు, పక్కన స్టూలు మీద మూతికి మాస్కు కట్టుకొని, ఒళ్ళో స్కూలు ప్రాజెక్టు కాగితాల అట్ట పెట్టుకొని పదో తరగతి వర్షిత. గొడుగు కర్రకు గాలిలోని పొగ, దుమ్మును కొలిచే చిన్న మిషన్ వేలాడుతోంది.

“ఇంకెంతసేపు బిడ్డా? టైమైంది గద.”

“ఆరున్నర దాక ఉంట అంకుల్. ఇయ్యాల ఆఖరి రోజు.”

“రోజు ఐదున్నరకే లేసి పోతుంటివి గద?”

“రోజు వేరు.”

“మిగిలినోళ్లేరి? మొదటి రోజు నలుగురొచ్చిండ్రు.”

“రిషితకు దగ్గు లేసింది. పెర్సిస్‌ను వాళ్ల మమ్మీ పంపుతలేదు. పరమేశ్ ఊకెనే వస్తలేడు.”

“నీకు రాదా దగ్గు?”

“వస్తది. మీకో? చెప్పుండ్రి, రాసుకుంట. ఎన్ని రోజుల సంది?”

“నాకేం లేదు. రాయకు.”

“నేనొచ్చిన కాడి సంది దగ్గుతనే ఉన్నరు.”

“రాయకన్న గద! ఆఫీసుల చూస్తే ఇంటికి పంపుతరు. ఇంట్ల ఎవరున్నరు నాకు? ఈడైతే నన్ను చూసి హారనన్న కొడ్తరు.”

“సరే, రాయ. దగ్గకుండ్రి మరి.”

“మిషన్ ఎంత చూపెడ్తుంది?”

“రెండొందల పది. ఇప్పుడే లారీ పోయింది గద. లారీ ఈడ ఆగితే ఇంకా పెరుగుతది.”

“గీ లెక్కలన్నీ సోమవారం మున్సిపల్ ఆఫీసుల చూపెడ్తరా?”

“ఆ. లారీలను ఊర్లకు రానియ్యొద్దు, బయటి రోడ్డుకెళ్లి పంపుండ్రి అని అడుగుతం. మా సార్ నన్నే మాట్లాడమన్నడు.”

“మంచిదే గద. మొఖం గట్ల పెట్టినవేంది?”

“ఏం లేదు.”

“ఒకటి అడుగుత. ఎన్ని లారీలు పోయినయో రాయుమన్నరు గద. నువ్వు బండి నంబర్లు ఎందుకు రాస్తున్నవ్?”

“ఎవరు చెప్పిండ్రు?”

“పక్కనే నిలబడ్త. కనబడదా?”

“ఊకెనే.”

“పదిహేను రోజుల సంది ఊకెనేనా?”

“మా డాడీ లారీ నడుపుతడు.”

“ఊఁ.”

“రెండేండ్ల కింద మమ్ముల ఇడిచి పోయిండు. తూప్రాన్‌ల ఇంకో ఇల్లు పెట్టిండు. ఫోన్ నంబర్ మార్చిండు. మమ్మీ ముంగట పేరెత్తొద్దు. మా క్లాసోళ్లకు దుబాయిల ఉన్నడని చెప్పిన.”

“గీ తొవ్వల వస్తడని ఎవరన్నరు?”

“ఎవరనలే. పాపన్నపేట దిక్కు వడ్లు తూప్రాన్ మిల్లులకు మోస్తడు. గీ చౌరస్తా దాటకుంట యాడికెళ్లి పోతడు? సార్ ప్రాజెక్టు అనంగనే ముందుగాల నేనే చెయ్యెత్తిన. ఏడొందల లారీలు రాసిన అంకుల్. గదొక్కటి రాలే.”

“మరి సోమవారం మీ మాట విని లారీలను బయటికెళ్లి పంపితే...”

“ఇగ ఎన్నడు రాదు. తెల్సు. గందుకే ఆరున్నర దాక ఉంటన్న.”

“లే బిడ్డా. మీ మమ్మీ ఎదురు చూస్తది.”

“మమ్మీ ఏడింటికి గాని రాదు. మీరెందుకు నన్ను ఎల్లగొడ్తున్నరు?”

“పొగల కూసుంటే పాణం ఖరాబైతది, గందుకు.”

“నా దిక్కు చూసి చెప్పుండ్రి.”

“బండి నంబర్ చివర్ల నాలుగు నాలుగు ఒకటి ఏడా?”

“మీకెట్ల తెల్సు?”

“రెండో రోజు, నువ్వు అటు తిరిగి మిషన్ చూస్తున్నవ్. గా బండి గీడనే ఆగింది. నిన్ను చూసి గబుక్కున అద్దం ఎక్కించిండు. నువ్వు పోయినంక నడ్సుకుంట నా తానకొచ్చిండు. గా పిల్ల ఈడేం చేస్తుందని అడిగిండు. నా బిడ్డనే అన్నడు.”

“మీరు నాకు చెప్పలే.”

“చెప్పొద్దని చేతులు పట్టుకున్నడు. మొఖం చూపెట్టలేనన్నడు. నా నంబర్ తీస్కున్నడు. గప్పటి సంది రోజు ఫోన్ చేస్తడు. పిల్ల పోయిందా అంటడు. పోయిందన్నంకనే బండి ఊర్లకు తెస్తడు.”

“అయితే రోజు వస్తుండా?”

“రోజు వస్తుండు.”

“నేను బాగున్ననా అని అడుగుతడా?”

“పిల్ల పోయిందా అనే అంటడు.”

“అడుగుతడా అంకుల్?”

“దగ్గుతుందా అని అడిగిండు. ఒక్కనాడు.”

“మీ ఫోన్ మోగుతుంది.”

“ఆయననే.”

“ఎత్తుండ్రి.”

“ఎత్తి ఏం చెప్పమంటవ్ తల్లీ?”

“రోజు చెప్పినట్టే చెప్పుండ్రి, పోయిందని. నేను మీ ఎనుక నిలబడ్త.”