తక్కువ కొట్టినోళ్ళదే గెలుపు

తిరుపతి. ఒక ట్రస్టు ఆఫీసు. సాయంత్రం అయిదుంబావు. సూపరింటెండెంట్ రంగరాజు బల్ల ముందర బడిలో ఆటల టీచరు జయంతి.

"కూచోమ్మా, కూచో. నిలబడినంత మాత్రాన సంతకం రాదు."

"పర్లేదు సార్."

"కూచోమంటే కూచోవల్ల. రోజూ అయిదున్నరకు స్కూటర్ తీస్తాను, అయిదూ నలభైకంతా స్టేషన్ ముందర వెంకటముని అంగట్లో కాఫీ. ఇరవై ఏండ్లుగా అదే కుర్చీ, ఆడ కూచుంటే ప్లాట్‌ఫారం అంతా కనపడతాది. ఈపొద్దు నీ పుణ్యాన అదీ పాయె. ఏకాంబరం, కింద క్యాంటీన్‌లో రెండు కాఫీ తే. గ్లాసులు కడగమను."

"మీకు శ్రమ ఇస్తా ఉండాను సార్."

"ఇస్తానే ఉండావు. మూడోసారి కదా ఇది? మొదట ఇంటికొచ్చినావు. తర్వాత మా అమ్మాయి వేదశ్రీ చేతికి ఫారం ఇచ్చి పంపినావు. దాని మీద ఏం రాసినాను?"

"‘పరిశీలించడమైనది. అనుమతించుటకు వీలులేదు’ అని రాసినారు సార్. కింద సంతకం, తేదీ. ఆఫీసు ముద్ర కూడా ఏసినారు."

"ముద్ర ఎందుకేసినానంటే, నీకు అర్థం కావల్లని. అయినా ఇంకో కాగితం పట్టుకొచ్చినావే."

"ఇది వేరే కాగితం సార్. ఒకసారి చదవండి."

"చదివేదానికేముంది? బెంగళూరులో ఆడబిడ్డల గోల్ఫ్ పోటీ. పదైదేండ్ల లోపలోళ్ళకి. ఈపొద్దు ఆరుగంటల రైలుకు పోవల్ల. అంతే కదా? ముప్పై ఏండ్లుగా కాగితాల్లోనే బతుకుతా ఉండాను. వాసన పట్టి చెప్తాను, లోపల ఏముండాదో. ఆడ పెట్టు."

"బల్ల మీద పెడతా ఉండాను సార్. మీ ముందరే."

"పెట్టు. కాఫీ వస్తే గ్లాసు కిందికి పనికొస్తాది."

"సరే సార్."

"కోపం రాలేదా?"

"రాలేదు సార్."

"రాదు. అవసరం నీది. ఒక పని చేద్దాం. ఆరు దాకా నువ్వు ఈడ్నే కూచో, నేనూ కూచుంటాను. ఈ కిటికీకి రైలు కూత బాగా వినిపిస్తాది. అది పోయినాక నీ దావన నువ్వు, నా దావన నేను. మళ్ళీ ఏడాది దాకా పీడ ఉండదు."

"అట్లే కూచుంటాను సార్."

"ఊరికే కూచుంటే ఎట్లా? ఒప్పించేదానికి కదా వచ్చినావు. ఒప్పించు చూద్దాం."

"వేదశ్రీకి చెయ్యి బాగుండాది సార్. పూతలపట్టు దగ్గర మిలిటరీ గంగాధరం గారు మామిడితోపు తీసేసి తొమ్మిది గుంతల మైదానం చేసినారు కదా. ఆదివారం ఆదివారం పన్నెండు మంది ఆడబిడ్డల్ని ఆడికి తీసకపోతా ఉండాను. బంతి కొట్టే కట్టెలు కూడా ఆయనవే, పాతవి. ఆ పన్నెండు మందిలో మీ బిడ్డ కొట్టేది వేరే. పోయిన నెల రెండు చుట్లు ఆడి ఎనభైనాలుగు తెచ్చింది."

"నూటికా?"

"కాదు సార్, దెబ్బలు. అన్ని గుంతలకూ కలిపి ఎనభైనాలుగు దెబ్బలు. ఎంత తక్కువ కొడితే అంత గొప్ప."

"అదీ సంగతి. తక్కువ తెస్తే గొప్ప అనే ఆటను కనిపెట్టినాడే, వాని తెలివికి దండం పెట్టల్ల. లెక్కల్లో కూడా మా అమ్మాయి ఆ గొప్ప చూపిస్తానే ఉండాది. నలభై మూడు. పూలదండ తెప్పించేదా?"

"ఈసారి అరవై ఎనిమిది సార్. కార్డు మీద మీరే సంతకం పెట్టినారు."

"పెట్టింటాను. రోజుకు నూరు పెడతాను. అది కాదు, అసలు అది ఆటేనా చెప్పు? పరుగు లేదు, పట్టు లేదు. ఒక బంతి. దాన్ని కంటికి కనపడనంత దూరం కొట్టేది, కొట్టి దాని ఎనకాలే ఎండలో నడిచేది, మళ్ళీ కొట్టేది. మా వీధిలో కుక్కకు ఒక బిస్కెట్టు రెండుసార్లు విసిరితే మూడోసారి లేవదు. దానికుండే బుద్ధి కూడా లేదు మీకు."

"చెప్పండి సార్."

"ఏం చెప్పేది? డబ్బుండేవాళ్ళు తిన్నది అరగక ఆడే ఆట. కాపుకొచ్చిన మామిడి నరికి గడ్డి పెంచినాడంటే ఆ గంగాధరానికి పింఛను ఎక్కువైంది. వీధిలో ట్యాంకరు వస్తే మనుషులు బిందెలతో కొట్టుకుంటా ఉండారు, ఆయన గడ్డికి నీళ్ళు పెడతాడంట."

"ఆ మాట నిజమే సార్."

"నిజమని ఒప్పుకుంటానే మళ్ళీ పిల్లోళ్ళని తోలకపోతావు. మా బిడ్డ చేతులు చూసినావా? కుడి చెయ్యి మాడిన అట్టు. ఎడమ చెయ్యి తెల్లగా ఉండాది, దానికి మాత్రం తొడుగు ఏస్తాది కదా. ఒక బిడ్డకు రెండు రంగుల చేతులు. రేపు పెండ్లిచూపులకు వచ్చినోళ్ళకు ఏ చెయ్యి చూపించల్ల?"

"పదమూడేండ్ల పిల్ల సార్."

"ఎల్లకాలం పదమూడే ఉంటాదా? ఆ తొడుగు దేంతో చేసిందని అడిగినాను. తోలంట. మేకతోలు. దాన్ని తెచ్చి పెరుమాళ్ళ గదికి ఎదురుగా కొయ్యకు తగిలించింది. మా నాయన ఉండింటే ఇల్లంతా కడిగించుండేవాడు. నేను కాబట్టి కట్టెతో ఎత్తి వీధిలో ఏసి ఊరుకున్నాను."

"దాన్ని అమ్మగారే ఎత్తి తుడిచి..."

"ఏంది?"

"ఏం లేదు సార్. కాఫీ వచ్చింది."

"ఏకాంబరం, ఆడ పెట్టు, ఆ కాగితం మీద. ఇంకా ఇట్లా జరుపు. ఆ. నువ్వు తాగమ్మా. ఛీ, ఇది కాఫీనా? బట్టలుతికిన నీళ్ళు. ముప్పై మంది స్టాఫు రోజూ ఇదే తాగి బతుకుతా ఉండారంటే వాళ్ళ నాలుకలు యాడ పోగొట్టుకున్నారో. టయమెంత?"

"అయిదూ ముప్పై అయిదు సార్."

"అయితే ఇంకా దొరుకుతాది. నేను పోతాను వెంకటముని దగ్గరికి. నువ్వు కావాలంటే ఈడ్నే కూచుని రైలు కూత విను."

"సార్, ఒక్క నిమిషం."

"ఆ నిమిషాలన్నీ అయిపోయినాయమ్మా."

"అయితే మీ ఆఫీసులో గిరిప్రసాద్ సార్ చెప్పిందే నిజమేమో."

"మా గిరిప్రసాదా? ఏం చెప్పినాడు?"

"వద్దులే సార్. మీరు కాఫీకి పొండి. చల్లారిపోతాది."

"అంగట్లో కాఫీ చల్లారేదేంది? చెప్పు, ఏమన్నాడు?"

"నేను కింద మెట్ల మీద కనపడితే అన్నాడు సార్. రంగరాజుకు కాగితం చదివే ఓపిక లేదమ్మా, పైన చూసి నోటు రాసేస్తాడు, ఊరికే తిరగొద్దు అన్నాడు."

"వాడా అనింది? సెలవు చీటీలో రెండు తప్పులు లేకుండా రాయలేనోడు. వానికి నోటు పెట్టేది నేర్పింది ఎవురు? ఇదో, కూచున్నాను. వాని కథ చెప్తాను విను. పోయిన ఆషాఢంలో ఒక ఫైలు తెచ్చి... నీకెందుకులే అవన్నీ. నేను చదవకుండా రాసినానంట!"

"ఆయన మాట నేను నమ్మలేదు సార్."

"నమ్మితే నాకేం, నమ్మకుంటే నాకేం. ఇంకేం అడగల్ల నువ్వు? అడుగు."

"మీ హృషీకేశ్‌కు క్రికెట్ కిట్టు కొనిచ్చినారు కదా సార్. చెన్నైకి కూడా మీరే తోలకపోయినారు."

"వాడు మగపిల్లోడు."

"ఏమైనా గెలిచినాడా సార్?"

"గెలిచేదానికి కాదు, ఒంటికి మంచిదని."

"అట్లనా సార్."

"దీర్ఘాలు తీయొద్దు. నువ్వూ ఏదో ఆడినావంట కదా చిన్నప్పుడు?"

"ఈటె విసిరేదాన్ని సార్. జిల్లాలో మొదట వచ్చినాను. పై పోటీలకు పోవల్లంటే మా నాయన సంతకం పెట్టలేదు."

"బుద్ధిమంతుడు. ఏం పోయింది ఇప్పుడు? ఉద్యోగం ఉండాది, మెడలో ఈల ఉండాది."

"పాకాల స్టేషన్ ఎనకాలే సార్ మా ఇల్లు. నాతో ఆడినోళ్ళు రైల్లో నుంచి చెయ్యి ఊపితే గోడ పట్టుకుని నిలబడినాను. ఇరవై రెండేండ్లు అయింది. ఇప్పటికీ రైలు కూత వింటే నాకు కడుపులో మంట."

"మంటకు మజ్జిగ తాగు. నీ మంట ఆరేదానికి నా బిడ్డే దొరికిందా? ఉండు, ఫోను. ఆ, వల్లీ. పూజ అయిందా? రాహువుకూ కేతువుకూ ఇద్దరికీనా? పిల్లకు ఇయ్యి. మాట్లాడదంటనా? అలగనీ, రెండు దినాలకు అదే సరిపోతాది. ఏందా రొద, ఒక ముక్క అర్థం కాలేదు. ఎక్కి కూచున్నారు కదా? సరే. కిటికీ పక్కన కూచోబెట్టొద్దు, ఉండే రంగు కూడా పోతాది. పెట్టేయ్."

"అమ్మగారా సార్?"

"అమ్మగారే. శ్రీకాళహస్తికి పంపినాను ఇద్దరినీ. మేము శివుని గుడి గడప తొక్కేటోళ్ళం కాదు. అంత దూరం తెచ్చినావు నన్ను. ఈ గోల్ఫ్ దోషం పోవల్లని పొద్దున్నే నేనే బస్సు ఎక్కించినాను. అంత పెద్ద సంచి ఎందుకే అంటే, పూజకు మారుబట్టలు అనింది. ఇంట్లో ఉంటే నువ్వు వచ్చి ఏడిపించి తోలకపోతావని నాకు తెలుసు. బిడ్డ ఆడ, ఫారం ఈడ, నువ్వు నా ముందర. ఇంకెట్లా పోతాది రైలుకు?"

"బాగా ఆలోచించినారు సార్."

"మేడం మొహం వాడిపోయింది. నీకు పాపం అనిపిస్తా ఉండాదా నన్ను చూస్తే? నాకు నిన్ను చూస్తే అనిపిస్తా ఉండాది. పన్నెండు మంది పేదోళ్ళ బిడ్డలకు పెద్దోళ్ళ ఆట నేర్పించి ఏం చేస్తావు? రేపు వాళ్ళు అదే మైదానంలో ఆ పెద్దోళ్ళ సంచులు మోస్తారు."

"మోసేవాళ్ళు మోస్తారు సార్. కొట్టేవాళ్ళు కొడతారు."

"ఓహో, మాటలు కూడా వచ్చునే. ఇంతసేపు మూగనోము పట్టినట్టు కూచున్నావు. అదో, విన్నావా? కూత."

"విన్నాను సార్."

"ఆరూ రెండు. చెప్పిన టయానికే పాయె. ఇంక పోమ్మా ఇంటికి. ఇంతసేపు కూచుని ఏం సాధించినావు? నేను పదిమాటలన్నాను, నువ్వు తల వంచుకుని పడినావు. ఆ కాగితం కూడా తీసకపో."

"అది మీకే సార్. ఇంకోమాట. రాత్రికి రసం ఫ్రిజ్జులో పెట్టినారంట, ఎచ్చపెట్టుకోమన్నారు. అప్పడాలు స్టీలు డబ్బాలో ఉండాయంట."

"ఎవురు పెట్టినారు? ఎవురు చెప్పమన్నారు?"

"గ్లాసు తీసి ఆ కాగితం చదవండి సార్."

"ఏముంది దీంట్లో? ‘తల్లి గానీ తండ్రి గానీ సంతకం చేయవలెను.’ తల్లి గానీ... ఇది వల్లి చేతిరాత."

"అసలు కాగితం బెంగళూరు చేరి పదిరోజులైంది సార్. అది జిరాక్సు."

"బస్సు ఎక్కించింది నేను. కాళహస్తికి..."

"కాళహస్తికి పోయినారు సార్, అబద్ధం లేదు. పూజ చేయించి మూడుకంతా తిరిగొచ్చి స్టేషన్‌లో ఆడోళ్ళ గదిలో కూచున్నారు. కట్టెల సంచి నేనే ఇచ్చి ఇట్లా వచ్చినాను. పిల్లకు ఏ దోషమూ లేదు, దావకు అడ్డం ఉండేది తొలగితే చాలని మొక్కుకున్నారంట."

"అయితే నా సంతకం నీకు అక్కర్లేదు."

"లేదు సార్."

"మరి ఎందుకొచ్చినావు? ముక్కాలు గంటసేపు ఈ మాటలన్నీ ఎందుకు పడినావు?"

"మీ కాఫీ అంగడి స్టేషన్‌కు ఎదురుగానే కదా సార్."