ఆడి మాసంలో దిగిన తొట్టి

ఆడి మాసం ముగిసి ఆవణి మొదలైన రోజు ఉదయం ఆరు గంటలకు, అన్నూరు పాల డిపోలో తొలిసారి పాలు పోసిన స్టీలు తొట్టి అడుగున కారింది. పాలన్నీ కాలువలోకి పోయాయి. డిపో యజమాని రత్నసభాపతి, తొట్టి చేసిన బావమరిదిని, భార్య తిలక తమ్ముడు సుందరరాజన్‌ను పిలిపించాడు.

“చూడు సుందరం. బాగా చూడు. నీ స్టీలు పాలు తాగతా ఉండాది.”

“అడుగున చిల్లులు బావా. సూదితో పొడిచినట్ల.”

“స్టీలుకు చిల్లు పడునా? మా అవ్వ నీళ్లు తాగిన స్టీలు సొంబు ఇంకా ఉండాది. ఇనుముకు పాలిష్ పెట్టి తెచ్చినావు.”

“304 రకం మంచి స్టీలు బావా. క్రోమియం, నికెల్ రెండూ ఉండాయి.”

“నీ నోట్లో ఉండాయి. ఇదో ఇనుమును లాగే కాంతం. పెడతాను చూడు.”

“పెట్టండి. పట్టదు.”

“ఇక్కడ పట్టలే. సరి, మూలలో? లాగతా ఉండాది కదా. ఏమప్పా, మూలకొక స్టీలా?”

“అక్కడ రేకు వంచినాము. వంచిన చోట కొంచెం లాగుతుంది. అదే రేకు.”

“ఓహో. వంచితే స్టీలు ఇనుమవుతుంది. సూలూరు దాయాదికి ఫోన్ చేసి చెప్పేస్తిని, వీడి కాడ కొనొద్దని.”

“అది ఆరు తొట్ల ఆర్డరు బావా. అది పోతే నా షెడ్డు మూయాల.”

“మూయి. నీకు చేతనైన పని అదొకటే.”

“ఏండీ, వాణ్ణి కాపీ తాగనియ్యండి. తీసుకో తమ్మీ.”

“తిలకా, నువ్వు లోపలికి పో. తమ్ముడు తమ్ముడని చేయిస్తివి.”

“ఉండక్కా. తొట్టి ఆడి మొదట్లో దింపితిని. నిన్నటిదాకా దీంట్లో ఏముండె?”

“ఏముంటుంది? ఆడిలో కొత్త పని ఎవడు మొదలుపెడతాడు? అదీ తెలీదు వీడికి.”

“ఒట్టి తొట్టేనా అక్కా?”

“కొత్త పాత్రం ఒట్టిగా ఉంచకూడదు కదా తమ్మీ. కల్లుప్పు పోసి పెడితిమి.”

“ఎంత?”

“అడుగు మునిగేంత. రోజూ మీ బావే పసుపు నీళ్లు చల్లె. నిన్న గీకి తీసేటప్పటికి చేతులు పోయె.”

“ఉప్పులో ఏముంది? ఉప్పు మంచిది.”

“సాంబారుకు మంచిది బావా. తడి ఉప్పు మాసం పొడుగునా నిలిస్తే ఈ రేకును తొలుస్తుంది. ఉప్పు పోయొద్దని నేను చెప్పల. పాల తొట్టిలో ఉప్పు పోస్తారని ఎవడు అనుకుంటాడు?”

“నీకు సాకు దొరికె.”

“సాకే. చిల్లులన్నీ ఉప్పున్న చోటే ఉండాయి. పైన ఒక్కటి చూపండి.”

“ఏండీ, తమ్ముడు చూపండి అంటే చూపండి.”

“కాపీ చల్లారిపోయె. వేరేది కలపు.”

“ముందు సూలూరుకు ఫోన్ చెయ్యండి బావా.”

“చేస్తాను, చేస్తాను. సాయంత్రం పాలొస్తాయి. పెద్ద తొట్టి తెరవాల.”

“అదీ నేను చేసిందే, దీంతోనే దింపితిని. దాంట్లో ఏముంది?”

“తిలకా, కాపీ ఏమాయె?”

“బావా, దాంట్లో ఏముంది?”

“పెద్ద తొట్టి కదా. రెండు మూటలు పోస్తిమి.”