కాళ్ళ సీను

ఇదేం టీయే హాల్ష్కా, గ్లాసు కడిగిన నీళ్ళలా ఉంది! గసగసాల కేకు తెస్తే ఆ నర్సు "వద్దండీ, గొంతుకు అడ్డం పడుతుంది" అని లాక్కుపోయింది. నేనేమో ఈ మోకాళ్ళతో రెండు ట్రాములు మారి తెచ్చాను. ఆవిడే తింటుంది చూడు.

పైగా పక్షవాతం వచ్చాక నీకేం అర్థం కాదంటుంది. "గేన్యాగారూ, మీరు గోడతో మాట్లాడుతున్నట్టే" అంది. నువ్వేమో ఆ పనిచేసే ఎడంచేత్తో నా చెయ్యి పట్టుకున్నావు. గోడ చెయ్యి పట్టుకుంటుందా?

సరేలే. సంగతేంటంటే, ఫిల్ము ఆర్కైవునుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. మన సినిమాని బాగుచేసి మళ్ళీ వేస్తారట. ఆడవాళ్ళు తీసిన సినిమాలకి ఉత్సవమట! అప్పుడు మనల్ని ఎవడు లెక్కచేశాడే? సెట్టుమీద, డైరెక్టరువైన నిన్నే చూసి "డైరెక్టరుగారి భార్యా?" అనేవాళ్ళు. నేను "ఎడిటింగ్ పిల్ల"ని. ముప్పై ఐదేళ్ళొచ్చినా పిల్లనే!

అడిగింది ఆ పిల్ల, "అప్పట్లో సినిమాలోంచి తీసేశారట, ఆ కాళ్ళ సీను ఎక్కడైనా మిగిలిందా?" అని. లేదన్నాను. సెన్సారు కమిటీవాళ్ళు తగలబెట్టారన్నాను. నలభై ఆరేళ్ళుగా నీకూ అదే కదా చెబుతున్నాను.

ఎందుకలా చూస్తావు?

గుర్తుందా, కమిటీకి సినిమా చూపించేముందు ఎర పెట్టేవాళ్ళం? ఏదో ఒకటి కొయ్యందే వాళ్ళు కుర్చీల్లోంచి లేవరు. అందుకని కోయించడానికే ఒక ముక్క అతికించేవాళ్ళం. ఆసారి మాంసం కొట్టు ముందు క్యూ పెట్టాం, ఆడవాళ్ళు జుట్లు జుట్లు పట్టుకునేది. ఎంత నవ్వామో! తీరా ఆ రోజుకి నీకు అపెండిసైటిస్, ఆసుపత్రిలో పడ్డావు. నీ బదులు నేనే వార్సా వెళ్ళి కూర్చున్నాను.

వచ్చి ఏం చెప్పాను? "క్యూ తీసేయమన్నారు, కాళ్ళ సీనూ తీసేయమన్నారు" అని. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు.

మళ్ళీ కథా సినిమా జోలికే పోలేదు. ఇరవై ఏళ్ళు చక్కెరదుంపల సాగు మీద డాక్యుమెంటరీలు, నువ్వు! మన సినిమాలో హీరోయిన్ గురించి పత్రికలవాళ్ళు రాశారు కదా, "ఈ నేతమిల్లు మనిషికి మనసెక్కడుంది?" అని. మనసంతా ఆ కోసేసిన మూడు నిమిషాల సీనులోనే ఉంది మరి.

హాల్ష్కా, కమిటీ కోయమన్నది క్యూ ఒక్కటే. ఎర మింగి హాయిగా వెళ్ళిపోయారు. కాళ్ళ సీనుని ఒక్క మాట అనలేదు. ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

నేనే కోశాను.

ఎందుకంటావా? ఆ సీన్లో మనిషి అచ్చం మా అమ్మ! మిల్లునుంచి వచ్చి, వేణ్ణీళ్ళ బేసిన్లో కాళ్ళు పెట్టుకుని, "ఈ పిల్ల పుట్టకపోతే ఎంత హాయిగా ఉండేదాన్నో" అని తనలో తను అనుకుంది. తలుపు సందులోంచి విన్నది నేను. నీకొక్కదానికే చెప్పాను, ఏడుస్తూ. నువ్వు అడగనైనా అడక్కుండా స్క్రిప్టులో రాసేశావు! మన వూచ్ ఊరంతా టికెట్టు కొనుక్కుని ఆ మాట వినాలా? మా అమ్మ పక్కన కూర్చుని నేనూ వినాలా?

ఆ సీను లేని సినిమాని అమ్మ చూసింది. బయటికొచ్చి, కోటు గుండీలు పెట్టుకుంటూ ఏమందో తెలుసా? "బాగానే తీశారు. కానీ ఆ మనిషి ఇంటికొచ్చాక ఏం చేస్తుందో చూపించరేం?" అంది.

అప్పుడే నీకు చెప్పాల్సింది. చెబితే నాకెవరు మిగులుతారే? ఆదివారం పూట ఎవరింటికి వెళ్ళను?

ఆ రీలు నా దగ్గరే ఉంది. బిస్కెట్ల డబ్బాలో, దోసకాయ ఊరగాయ సీసాల వెనకాల. రేపు ఆ ఆర్కైవు పిల్లకి ఇచ్చేస్తాను. నీకేం అర్థం కాదన్నారు కాబట్టే ఇవాళ నోరు విప్పాను. అంత పిరికిదాన్ని.

అయ్యో... చెయ్యి లాగేసుకున్నావా?

అంటే అన్నీ అర్థమవుతున్నాయన్నమాట. సరే. తిరుగు, గోడవైపు తిరగవే. దుప్పటి సర్దనా? వద్దా?

మంగళవారం మళ్ళీ వస్తాను. నువ్వు అటే తిరిగి ఉన్నా సరే. ఇంకెక్కడికి పోను?