సంచి మీద ‘వీర’, రూత్ గారి నోట ‘ఈర’

1992 జూన్ 8వ తేదీన కామారెడ్డిలోని మా పైరుసిరి విత్తన సంస్థ కార్యాలయంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి రూత్ గారు, ముప్పైమూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ప్రచార విభాగ పర్యవేక్షకురాలిగా ఈ జులై నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఎల్లారెడ్డిలో కూలి కుటుంబంలో జన్మించిన ఆమెను, తల్లి ఈరవ్వ గారు నాట్లు వేసి, కలుపు తీసి, ఒంటిచేత్తో చదివించారు. ఉద్యోగ ప్రవేశం నాడు ఆమె చేతిలో ఉన్న ఆస్తి టైపు పరీక్ష ధ్రువపత్రమొక్కటే. గొంతులో ఉన్న ఆస్తి మాత్రం అప్పటికెవరికీ తెలియదు.

అది తెలిసింది ఒక క్రిస్మస్ నాడు. చర్చిలో ఆమె పాడిన కీర్తన విన్న అప్పటి మేనేజరు, మరుసటి సీజనుకు మైకు బండి ప్రకటనను ఆమె చేతనే చదివించారు. నాటి నుండి తాడ్వాయి, పిట్లం, దోమకొండ పరిసర గ్రామాలలో మా విత్తనాల పేర్లు ఆమె స్వరంతోనే వినిపించాయి. సంస్థ వ్యవస్థాపకులు సంస్కృతాభిమానులు. వరికి ‘ఝరి’ అని, పత్తికి ‘క్షేమ’ అని వారే నామకరణం చేశారు. పొలం గట్టు మీదికి వచ్చేసరికి క్షేమ కాస్తా ‘సేమ’ అయ్యేది. ఝరి ‘జరి’ అయ్యేది. “జరి అంటే చీర అంచా, వడ్లా?” అని నవ్విన రైతులు సైతం, రూత్ గారు తీరిగ్గా, ఒత్తక్షరం మీద కాసేపు ఆగి పలికిన తీరును విని, ఆ పేర్లను తమవి చేసుకున్నారు.

1999లో కొత్త మక్క (మొక్కజొన్న) విత్తనానికి పేరు సూచించమని సంస్థ ఉద్యోగులను కోరింది. చిన్నతనంలో తల్లి పొయ్యి పైన, పొగ తగిలే చోట, విత్తనానికని మక్క కంకులను వేలాడదీయడం రూత్ గారికి జ్ఞాపకం వచ్చింది. ‘ఈర’ అని సూచించారు. పేరు ఎంపికైంది గాని, అందులో ఒక అక్షరం జారిపోయిందని తలచిన ప్రధాన కార్యాలయం వారు ‘వీర’ అని సరిదిద్ది సంచులు అచ్చు వేయించారు. ఆమె అభ్యంతరం చెప్పలేదు. ప్రకటన రికార్డు చేసేటప్పుడు మాత్రం కాగితంలో లేని మాట ఒకటి చేర్చారు: “సంచి మీద వీర అని ఉంటది, మన నోట్ల ఈర అంటం. మక్క ఇత్తనం ఈర.”

అప్పుడు కొత్తగా చేరిన శ్రీ సునీల్‌కుమార్ గారు, నేటి మా మేనేజరు, “గిదేంది మేడం, ఈర అన్నరు?” అని అడిగారు.

“మా దిక్కు గట్లనే అంటరు సార్. వీర అంటే ఎవరో అనుకుంటరు.”

ఆ యేడు మృగశిరకు మైకు బండి ఎల్లారెడ్డిలో ఈరవ్వ గారి గల్లీలోకి వెళ్లింది. ఆదివారం ఇంటికి వచ్చిన కూతురిని ఈరవ్వ గారు అడిగారు: “నా పేరు మైకుల అంటున్నరేంది బిడ్డా?”

“నీ పేరే పెట్టిన అవ్వా.”

“అయితే నన్ను ఊరూరా అమ్ముతున్నవన్నమాట,” అని ఆ తల్లి నవ్విన నవ్వును రూత్ గారు మాకు ఎన్నిసార్లు అభినయించి చూపారో.

కాలం ఆ ఇంటిపై కనికరం చూపలేదు. నీటికాసుల వ్యాధితో ఈరవ్వ గారి చూపు క్రమంగా ఆరిపోయింది. 2021లో రూత్ గారి కంఠం బొంగురుపోయింది. స్వరపేటికలో క్యాన్సర్ అని, దానిని పూర్తిగా తొలగించక తప్పదని హైదరాబాదు వైద్యులు తేల్చారు. శస్త్రచికిత్సకు ముందు, తల్లికి తన నోటితోనే చెప్పాలని ఆమె ఎల్లారెడ్డి వెళ్లారు. పక్కన కూర్చున్నారు. “అవ్వా,” అని పిలిచారు.

“గొంతు గట్లయిందేంది బిడ్డా?”

“జలుబు అవ్వా. తగ్గుతది.”

తల్లితో ఆమె పలికిన చివరి మాట అదే. సత్యం చెప్పే ధైర్యం చాలక బస్సెక్కిన ఆ సాయంకాలాన్ని, తాడ్వాయి దాటేదాకా కళ్లు తుడుచుకోవడాన్ని, ఆమె తరువాత కాగితం మీద రాసి మాలో ఒకరిద్దరికి చూపారు.

తమ్ముడు దేవరాజ్ గారు నిజం చెప్పిన నాడు ఈరవ్వ గారు, “ఇంక నన్ను అవ్వా అని పిలువదా?” అని మాత్రం అడిగారట. చూడలేని తల్లికి, పిలవలేని కూతురికి నడుమ స్పర్శ ఒక్కటే మిగిలింది. ఆదివారాలు రూత్ గారు వెళ్లి చేయి పట్టుకునేవారు. తల్లి ఆమె మెడ మీది మచ్చను తడిమి, జడ సవరించేవారు.

మరుసటి సీజనులో రూత్ గారి పాత రికార్డుతో మైకు బండి ఆ గల్లీలోకి రాగానే, ఈరవ్వ గారు గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. “ఆపు బిడ్డా. ఇంకోపారి ఎయ్యి,” అన్నారు. డ్రైవరు భీమేష్ మళ్లీ వేశాడు. బండి ఎప్పుడు అటు వెళ్లినా వేశాడు.

2023లో ‘వీర’ విత్తనాన్ని సంస్థ ఉపసంహరించింది. లేని సరుకును ప్రకటించరాదు గనుక రికార్డును ఆపమని ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగకాలమంతటా తనకై ఏదీ అర్థించని రూత్ గారు మేనేజరు గారి గదిలోకి వెళ్లి నిలబడ్డారు. మాటకు బదులుగా వెంట ఉంచుకునే పలకపై ‘అవ్వ వింటది సార్’ అని రాశారు. సునీల్‌కుమార్ గారు ఉత్తర్వును పక్కన పెట్టారు. భీమేష్‌ను పిలిచి, “ఆ గల్లీల ఒక్కతాన ఎయ్యి. ఎవరన్న అడిగితే నా పేరు చెప్పు,” అన్నారు.

ఈ ఫిబ్రవరిలో ఈరవ్వ గారు మంచం పట్టారు. అంతిమ ఘడియలలో ఊరట కలుగుతుందని, దేవరాజ్ గారు ఫోనులో ఆ ప్రకటన పెట్టబోయారు. ఆ తల్లి వద్దని చేయి ఊపారు.

“అది ఊరందరికి చెప్పే మాట బిడ్డా. నా బిడ్డ ఈడనే ఉన్నది గద. చెయ్యి ఈడ వెట్టుమను.”

రూత్ గారు అరచేతిని తల్లి చెంపకు ఆనించి కూర్చున్నారు. ఊపిరి ఆగిన తరువాత కూడా తీయలేదు.

మూడోనాడే విధులకు హాజరైన ఆమె, ఇక ఆ రికార్డు అక్కరలేదని భీమేష్‌కు స్వయంగా సైగ చేశారు.

వీడ్కోలు సభలో విరమణ పొందువారు చివరన ప్రసంగించడం మా కార్యాలయ ఆనవాయితీ. ఈసారి కార్యక్రమ పత్రంలో ఆ చోటును తీసివేద్దామా అని తర్జనభర్జన పడి, తుదకు అలాగే ఉంచాము. ఆ సమయంలో ఎవరూ మాట్లాడరు. సహోద్యోగులు, బంధుమిత్రులు ఒక్కొక్కరుగా వచ్చి ఆమె చేతిని తమ చేతుల్లోకి తీసుకోవలసిందిగా విన్నపం. తల్లిని కోల్పోయి ఆరు నెలలైనా నిండని ఆ హృదయానికి కాలం నెమ్మదిని ప్రసాదించాలని, వ్యాధి మరలి రాకూడదని, దేవుడు ఆమెకు ఆరోగ్యంతో కూడిన దీర్ఘాయువును, పక్కన కూర్చునే మనుషులను సమృద్ధిగా అనుగ్రహించాలని ప్రార్థిస్తున్నాము.