గేటు దగ్గర ఆగిన వాన

ఆసుపత్రి వెనక బట్టలుతికే షెడ్డులో రోలరు మిషను నడిపే ఆయన్ని అందరూ ఎదురుగా బాబాయ్ అనేవారు, చాటుగా ఉక్కుపిండం అనేవారు. ఆ రెండో పేరు ఆయన స్వయంగా సంపాదించుకున్నదే. నాది ఉక్కుపిండం, నాది ఉక్కుపిండం అని రోజుకి పదిసార్లు చెప్పుకునే మనిషిని ఇంకేమంటారు? ఆయన భార్యని అందరూ పిన్ని అనేవారు. ఆవిడ పని అదే రోలరుకి అవతలి చివర, మడతల బల్ల దగ్గర. ఆయన ఇటునుంచి తడి దుప్పటి లోపలికి తోస్తే, అటునుంచి ఇస్త్రీ అయి పొగలు కక్కుతూ వచ్చినదాన్ని ఆవిడ అందుకుని మడతలు వేసేది. రోలరు తిరుగుతున్నంతసేపూ ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో తనకి దక్కిన సుఖం అదొక్కటేనని పిన్ని అప్పుడప్పుడూ అనుకునేది.

పదకొండింటికి టీ వచ్చేది. రోలరు ఆగేది, బాబాయ్ మొదలయ్యేవాడు.

అందులోనూ కాలం మారే రోజులొస్తే పిన్నికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆకాశం చూడకుండానే ఆవిడ కాలం చెప్పగలదు. ఎండలు తగ్గుముఖం పట్టి వానలింకా పడని ఆ పదిహేను రోజుల్లో, ముందు పిల్లల వార్డు నుంచి ఎలుగుబంటి బొమ్మల చిన్న దుప్పట్లు రెట్టింపవుతాయి, తర్వాత పెద్దవాళ్ళ రగ్గులు దిగుతాయి. వాటితోపాటే ఆయన కథా పెరుగుతుంది. ఈ ఊరొచ్చి నాలుగేళ్ళయింది. ఏడాదికి నాలుగుసార్లు చొప్పున అదే కథ, ప్రతిసారీ జానెడు పొడుగు ఎక్కువ.

వినేవాళ్ళు మామూలుగా ఇద్దరే. బాయిలరు చూసుకునే పెద్దాయన ఒకడు, చిరుగులు కుట్టే మిషనామె ఒకర్తె. పెద్దాయన వింటూ కునుకు తీసేవాడు, మిషనామె వింటూ దారం ఎక్కించుకునేది. వాళ్ళవల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ రెండు వారాలుగా మూడో మనిషి వచ్చి చేరింది. ఉతికే మిషను మీదకి కొత్తగా వచ్చిన ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి. కొత్తమ్మాయి అనే పిలుస్తున్నారు. ఆమెకి ఆరేళ్ళ కూతురుంది. కాలం మారితే చాలు ఆ పిల్లకి ఆయాసం. రెండుపూటలా పంపుతో మందు పీల్పించమని ఇదే ఆసుపత్రిలో డాక్టరు రాసిచ్చాడు. ఆ పంపు చూస్తేనే పిల్ల ఏడుస్తుందనీ, పట్టుకుని పీల్పించేసరికి తనకీ ఏడుపొస్తుందనీ చేరిన మొదటిరోజే పిన్నితో చెప్పుకుంది. ఈ కొత్తమ్మాయి కునుకు తీయదు, దారం ఎక్కించదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆయన నోట్లోకే చూస్తూ వింటుంది. అలా వినేవాళ్ళు దొరికితే బాబాయ్ ఊరుకుంటాడా?

ఆ గురువారం కథ మామూలుగానే చిన్నగా మొదలైంది. ముందు పనిచేసిన ఊళ్ళో, అక్కడి ఆసుపత్రి షెడ్డులో, ఆ ఏడు కాలం మారేసరికి పదకొండుమంది పనివాళ్ళలో పదిమంది జలుబుతో మంచమెక్కారట. తను మాత్రం ఒక్క తుమ్మయినా తుమ్మలేదట.

అక్కడివరకూ ఫరవాలేదు. తుమ్మకపోవడం ఎవరికైనా సాధ్యమే.

"దానికి కారణం ఉందమ్మాయ్," అని ఆయన కొత్తమ్మాయి వైపు తిరిగాడు. "వెళ్ళే కాలానికి చివరి ఏడు రోజులు, వచ్చే కాలానికి మొదటి ఏడు రోజులు, ఈ రెంటినీ కలిపి సంధికాలం అంటారు, ఒంటికి అసలు గండం అక్కడే ఉంది, అందరూ ఏంచేస్తారూ, నిన్నటిదాకా తిన్నది ఇవాళ టక్కున మానేస్తారు, ఇవాళ్టిది టక్కున మొదలెడతారు, నేనలా కాదు, పాతది కొంచెం కొంచెంగా వదుల్తాను, కొత్తది కొంచెం కొంచెంగా పట్టుకుంటాను, తెల్లారకముందే లేస్తాను, నువ్వుల నూనె పుక్కిలిస్తాను, ఒంటికి రాసుకుంటాను, శొంఠీ మిరియాలూ పిప్పళ్ళూ దంచి ఆ పొడి వేన్నీళ్ళలో వేసుకుని తాగుతాను, చలవచేసేది చలికాలంలో ముట్టను, పొద్దుగూకకముందే ఇంత తేలిగ్గా తినేసి చెయ్యి కడిగేస్తాను, మరి ఏమవుతుందనుకున్నావు?"

పిన్ని గ్లాసు బల్లమీద పెట్టింది. తెల్లారకముందే లేచేది ఆవిడ. శొంఠి దంచేది ఆవిడ. ఆ రోకటి చప్పుడుకి నిద్ర చెడిందని దుప్పటి ముసుగులోంచి సణిగేది ఆయన. వేన్నీళ్ళ గ్లాసు చేతికిస్తే సగం తాగి సగం తొట్టిలో పారబోసేది ఆయనే. పొద్దుగూకకముందు తేలిగ్గా తినడం నిజమే. కానీ దీపాలు పెట్టాక వీధి చివర బండి దగ్గర నూనెలో వేయించినవి పొట్లం కట్టించుకుని, నిలబడే తినేసి, మూతి తుడుచుకుని వస్తాడు. దంచుతాను, రాసుకుంటాను, కడిగేస్తాను. ఆ వాక్యంలో 'నేను' అన్నచోటల్లా తన పేరు పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుందని ఆవిడకి ఒళ్ళు మండింది. అయినా గ్లాసు మళ్ళీ తీసుకుని మిగిలిన టీ తాగేసింది.

ఇక అక్కడినుంచి కథకి కాళ్ళు వచ్చాయి. ఆ ఏడు ఆసుపత్రివాళ్ళు పనివాళ్ళందరికీ ఒక సూదిమందు వేశారట. తన దండలోకి సూది దిగలేదట. మొదటిది వంగింది, రెండోది విరిగింది, మూడోసారి నర్సమ్మ చేతులు జోడించి, బాబూ మీకీ మందు అక్కర్లేదు, మా సూదులు మాకు మిగల్చండి అందట.

"మరి దోమలు?" అని పెద్దాయన కళ్ళు మూసుకునే అడిగాడు. ఇది ఏ మలుపు తర్వాత వస్తుందో ఆయనకి తెలుసు.

దోమలు కుట్టేవట. కుట్టి, ఆ నెత్తురు తాగి, కాసేపు గోడమీద తూలి, తర్వాత మునుపటికన్నా హుషారుగా ఎగిరిపోయేవట. తనని కుట్టిన దోమ వెళ్ళి ఇంకొకణ్ణి కుడితే వాడి జ్వరం దిగిపోయేదట. ఈ సంగతి పొక్కి, వీధిలో జనం కిటికీ తెరలు తీసేసి, ఆయన గుమ్మం వైపునుంచి వచ్చే దోమల కోసం చేతులు చాచుకుని కూర్చునేవారట.

మిషనామె దారం కొరికి, నవ్వు ఆపుకుంది. కొత్తమ్మాయి నవ్వలేదు. ఆమె ఒళ్ళో బట్టల చీటీ ఒకటి ఉంది. దాని వెనక వైపు శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు అని రాసుకుని ఉండడం పిన్ని అప్పుడే చూసింది.

"ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా అసలు?" బాబాయ్ స్టూలు ముందుకి జరుపుకున్నాడు. ఒకరోజు బట్టల బండి తోసేవాడు రాకపోతే తనే బండి తోసుకుంటూ పెద్ద వార్డులోకి వెళ్ళాడట. అటునుంచి ఇటు ఒక్కసారి, అంతే. తను వదిలిన గాలి పీల్చినవాళ్ళు పీల్చినట్టు లేచి కూర్చున్నారట. సాయంత్రానికి వార్డు ఖాళీ. మర్నాడు రెండో వార్డు ఖాళీ. నాలుగోనాటికి షెడ్డుకి ఒక్క దుప్పటి రాలేదు, బాయిలరు చల్లారిపోయింది, పనివాళ్ళు చేతులు ముడుచుకు కూర్చున్నారు. చివరికి ఆసుపత్రి పెద్ద డాక్టరే షెడ్డుకి నడిచొచ్చి, అయ్యా, నీకు జీతం ఇంటికి పంపిస్తాం, ఒక్క వారంరోజులు ఇటు రావద్దు, మేమూ బతకాలి కదా అన్నాడట.

"ఇంటికి వెళ్ళావా?" అంది మిషనామె.

"వెళ్ళక? ఒకరి పొట్టకొట్టే మనిషినా నేను?"

పోనీ అక్కడైనా ఆగాడా అంటే అదీ లేదు. అలా ఇంట్లో కూర్చున్న వారంలోనే వాన రావలసి ఉందట. మబ్బులు కమ్ముకొచ్చాయి, ఊరి పొలిమేర దాటాయి, వీధిలోకి వచ్చాయి, కానీ ఆయనింకా వేసవి తిండి పూర్తిగా వదల్లేదట, రెండు రోజుల క్రమం మిగిలి ఉందట. అందుకని వాన వాళ్ళ గేటు దగ్గర ఆగిందట. పక్కింటి పెరట్లో కురిసింది, ఎదురింటి డాబా మీద కురిసింది, ఈయన గేటు దగ్గర మాత్రం వచ్చి నిలబడింది. రెండ్రోజుల తర్వాత తను శొంఠినీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, బయటికొచ్చి, ఇక కానీ అన్నాడట. అప్పుడు కురిసిందట.

పెద్దాయన కళ్ళు తెరిచాడు. వాన ముక్క ఆయనకీ కొత్తే. పిన్ని మొహం తిప్పుకుని పైన ఆవిరి గొట్టం వైపు చూసింది. వానని కూడా వదల్లేదు ఈ మనిషి అనుకుంది. ఇంకో రెండు నిమిషాల్లో రోలరు తిరుగుతుంది, ఆ చప్పుడు వచ్చేస్తుంది అని కాచుకుని కూర్చుంది.

అప్పుడు కొత్తమ్మాయి అడిగింది. గొంతు చాలా మెల్లగా ఉంది.

"బాబాయ్, కిందటి వారం కూడా ఇదే చెప్పారు కదా, నేను సోమవారం నుంచి అలాగే చేస్తున్నా. పంపు ఆపేశా. పొడి ఇస్తున్నా. పొద్దున్నుంచి పాప ఛాతీలో ఈల వేసినట్టు వినిపిస్తోంది. అది తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

పిన్ని మొగుడి మొహంలోకి చూసింది. ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో బెదురు కనిపించింది. నాకు తెలియదమ్మా అంటాడని, కనీసం తడబడతాడని ఆవిడ ఎదురుచూసింది. కానీ కథ మంచి ఊపుమీద ఉంది, స్టూలు ముందుకి జరిగి ఉంది, నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది.

"మూడు రోజులు," అన్నాడు. "మూడంటే మూడే."

పిన్ని లేచి నిలబడింది. నాలుగేళ్ళుగా నొక్కిపెట్టుకున్నది ఒక్కసారిగా పైకి వచ్చినా, అరవలేదు.

"అమ్మాయ్, నా మాట విను. ఆ ఏడు ఈయన వార్డులోకి బండి తోసుకుంటూ వెళ్ళలేదు. ఈయన్నే చక్రాల మంచం మీద తోసుకెళ్ళారు. జలుబని అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తొమ్మిది రోజులు మంచం మీదున్నారు, ముక్కుకి గొట్టంతో. వంగిన సూది లేదు, విరిగిన సూదీ లేదు, పూటకి రెండు చొప్పున దిగాయి. శొంఠి మంచిదే, నేనూ రోజూ దంచుతా. బాగున్న ఒళ్ళు బాగుండడానికి అది. ఆడని ఊపిరి ఆడించడానికి కాదు. లే, ముందు పాపని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు."

కొత్తమ్మాయి బాబాయ్ వైపు చూసింది. అది కాదు అంటాడేమోనన్న ఆశ ఆ చూపులో ఇంకా ఉంది. ఆయన తల దించుకుని చల్లారిన టీలోకి చూస్తున్నాడు.

"వెళ్ళమ్మా," అన్నాడు. "ఆవిడ చెప్పిందే నిజం."

ఆమె ఏప్రను విప్పకుండానే పరుగెత్తింది. చేతిలో చీటీ ఎక్కడో జారిపోయింది. నీ మిషను మేం చూసుకుంటాంలే అని పెద్దాయన వెనకనుంచి కేకేశాడు. నిజానికి చూసుకున్నది బాబాయే. తడి బట్టలు తీసి, కొత్తవి వేసి, మళ్ళీ పరుగున రోలరు దగ్గరికొచ్చి, రెండు మిషన్ల మధ్యా సాయంత్రం దాకా తిరిగాడు. మధ్యాహ్నం టీకి స్టూలు దగ్గరికే రాలేదు.

పిన్నికి మాత్రం కోపం ఆయన మీద సగం, తనమీద సగం. ఈ కథ ఎలా పుట్టిందో ఆవిడకొక్కదానికే తెలుసు. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన కొత్తలో ఆయన మెట్లెక్కాలంటే భయపడేవాడు, దగ్గు వస్తే గోడ పట్టుకుని ఆవిడ మొహంలోకి చూసేవాడు. పలకరించడానికి వచ్చిన తమ్ముడితో, ఏముందిరా కొంచెం జలుబు, అసలు నేను తుమ్మనేలేదు అన్నాడు. ఆ మాట అన్నాక ఆరోజు మెట్లెక్కాడు. ధైర్యం వస్తోంది కదా, అననీలే అనుకుంది. అననిచ్చింది, అననిచ్చింది, వాన గేటు దగ్గర ఆగేదాకా అననిచ్చింది. నష్టం లేదనుకున్న కథకి ఒక ఆరేళ్ళ పిల్ల ఊపిరి తగులుకుంది.

నాలుగున్నరకి కొత్తమ్మాయి పిల్లని చంకనేసుకుని షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఆవిరి మందు పట్టారట, మధ్యాహ్నమంతా అక్కడే ఉంచి చూశారట, ఇంకో రోజు ఆలస్యమైతే చేర్చుకోవలసి వచ్చేదని డాక్టరు గట్టిగా కేకలేశాడట. పంపు మళ్ళీ మొదలుపెట్టించారు. పిల్ల బిస్కెట్టు చీకుతూ రోలరు వైపు వింతగా చూస్తోంది. బాబాయ్ చేతులు తుడుచుకుని దగ్గరికెళ్ళాడు. తప్పు తనదేనని ఆ అమ్మాయితో అన్నాడు. ఆమె ఫరవాలేదనలేదు. తల మాత్రం ఊపింది. అంతకన్నా ఎక్కువ ఆయనా ఆశించలేదు.

ఇంటికెళ్ళేటప్పుడు ఇద్దరూ బస్సు ఆగేచోటుదాకా నడిచారు. దారిలో నూనెలో వేయించేవాడి బండి ఒకటి కనిపించినా ఆయన ఆగలేదు. బస్సులో కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాడు. నాలుగు స్టాపులు దాటాక గొంతు సవరించుకున్నాడు. ఇదుగో, మళ్ళీ మొదలు అనుకుని పిన్ని కళ్ళు మూసుకుంది.

"తొమ్మిది కాదు," అన్నాడు.

"ఏం తొమ్మిది?"

"మంచం మీదున్న రోజులు. పన్నెండు. మొదటి మూడు రోజులూ నీకు తెలీదు. నువ్వు మీ అక్క పురిటికి వెళ్ళావు కదా. నీకు కబురు పెట్టొద్దని నర్సమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. రెండోరోజు నా పక్క మంచం ఖాళీ అయింది. వాడు ఇంటికెళ్ళి కాదు. ఆ దుప్పటి మా షెడ్డుకే వెళుతుందని పడుకుని ఆలోచించాను."

పిన్ని కళ్ళు తెరిచి ఆయన వైపు తిరిగింది. ఆయన ముందు సీటు కమ్మీని పట్టుకుని దానివైపే చూస్తున్నాడు. గొంతులో ఊపు లేదు, చేతుల్లో విసుర్లు లేవు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆయన నోటినుంచి ఇంత చిన్న కథ వినలేదు. అది నిజమో, లేక అలవాటు కొద్దీ తొమ్మిదికి మూడు కలిపాడో, ఎంతసేపు చూసినా ఆవిడకి తెలియలేదు.