ఉత్తుత్తి మేడం

ఏంటే ఆ మూటంతా? అట్టపెట్టెలు, పాత ఫోను, గరిటె... ఓసినీ, నా గరిటె కూడానా! బడికా? ఓహో, పసిపిల్లల్ని ఎలా ఆడించాలో మీ ట్రైనింగులో చెప్పారన్నమాట. చెప్తారు చెప్తారు. ఇలా కూర్చో. మాకూ చెప్పిందిలే ఒకావిడ, నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు. వారానికి మూడు రోజులు వచ్చేది. బక్కగా, పెద్ద కళ్ళజోడు, చేతిలో ఎప్పుడూ రెండు సంచులు. నోరు తెరిస్తే ‘ఇది ఉత్తుత్తి పడవ, ఇది ఉత్తుత్తి ఆస్పత్రి’ అనేది. అందుకని మేం చాటుగా ఉత్తుత్తి మేడం అనుకునేవాళ్ళం. మొదటిరోజు ఇరవై మంది టీచర్లని నేలమీద కూర్చోబెట్టి, మధ్యలో ఖాళీ అట్టపెట్టె పెట్టి, ‘ఊఁ, ఆడుకోండి’ అంది. ఏం ఆడతాం చెప్పు? ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. మాలో ఒకావిడ, పాపం, ‘మేడం, ఇది నోట్సు రాసుకోవాలా?’ అంది. ఆవిడ ఒక్క నవ్వు నవ్వి, తనే వెళ్ళి ఆ పెట్టెలో కూర్చుని, ‘పడవ మునిగిపోతోంది, ఎవరైనా నీళ్ళు తోడండమ్మా!’ అని అరుపులు. ఏమనుకున్నావ్, మేం ఇరవై మందిమీ లేచి తోడాం!

ఆఁ, ఎక్కడున్నాను? ఆస్పత్రి ఆట. అదయితే చెప్పుకోకూడదు గానీ చెప్తాను. మా క్లాసులో గుండుసూది అని ఒక పిల్ల ఉండేది. అసలు పేరు కాదులే, సన్నగా, మాట సూదిలా ఉంటుందని మేం పెట్టుకున్నాం. నాలుగేళ్ళు. అది డాక్టరు. ఆట చూపించడానికి మా క్లాసుకొచ్చిన మేడం నన్ను పేషెంటుగా వెళ్ళమంది. వెళ్ళాను. అది గరిటె నా చంకలో పెట్టి ‘జ్వరం’ అంది. నేనేమో ఊరుకోవచ్చుగా? ‘ఈ గరిటె ఏ రంగు తల్లీ? ఇక్కడ గరిటెలు ఎన్నున్నాయి, లెక్కపెట్టు’ అన్నాను. అది నావైపు ఎగాదిగా చూసి, గరిటె లాక్కుని, ‘ఆస్పత్రి మూసేశాం’ అంది. నర్సులూ కాంపౌండర్లూ అందరూ దాని వెనకాలే వెళ్ళిపోయారు. నేనూ, పక్కన కడుపునొప్పి పేషెంటుగా పడుకున్న మేడమూ మిగిలాం. ఆవిడకి నవ్వాగితేనా! ‘వైద్యానికి వచ్చి డాక్టరుకే పరీక్ష పెడతావేంటమ్మా? వాళ్ళు పిలిస్తే వెళ్ళు, ఏ వేషం ఇస్తే అది వెయ్యి. మధ్యలో పాఠం దూర్చకు. ఆటలోనే బోలెడు పాఠముంది’ అంది. సరేనని ఊరుకున్నానా, మర్నాడు గుండుసూది నాకు కుక్క వేషం ఇచ్చింది. బల్లకింద దూరి భౌ భౌ అంటుంటే, ఒక పిల్లాడి తండ్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ‘నమస్కారం టీచర్’ అన్నాడు. ఏం చెయ్యను? ఇంకోసారి భౌ అన్నాను.

నవ్వు నవ్వు. అసలు సంగతి వినలేదు నువ్వు. ఆవిడ వచ్చే మూడు రోజులే నేను కుక్కని. మిగతా రోజులు పులిని. చేతిలో చెక్క స్కేలుండేది. బల్లమీద ఠాప్‌మని కొట్టేదాన్ని, ఒక్కోసారి... బల్లమీదే కాదు. చెవులు కూడా మెలిపెట్టేదాన్ని. అప్పట్లో అదేం తప్పనిపించలేదే.

ఇలా ఉండగా ఈ ట్రైనింగు ఉంచాలా తీసెయ్యాలా అని చూడ్డానికి ఆఫీసరొచ్చాడు. మేడం పిల్లల్ని ‘ఇవాళ ఏం ఆడతారు?’ అంది. గుండుసూది ఠక్కున ‘బడి ఆట’ అంది. చీర కొంగులా భుజాన తువ్వాలేసుకుంది, కాగితంతో కళ్ళజోడు చేయించుకుంది, నా స్కేలే తీసుకుంది. బల్లమీద ఠాప్! ‘నోళ్ళు మూసుకోండి! చేతులు కట్టుకోండి!’ బొమ్మ చెవి పట్టుకుని మెలి. చేతిమీద రెండు దెబ్బలు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరిచి, గుర్రుమని గురక! మధ్యలో కళ్ళు తెరవకుండానే ‘ఎవర్రా అరిచేది’ అని, మళ్ళీ గురక. గదంతా ఒకటే నవ్వు. ఆఫీసరూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, ‘ఎవరమ్మా ఈ టీచరు?’ అన్నాడు. అది బెదిరిపోయి ‘టీచరే’ అంది, అంతే. ఆయన మావైపు తిరిగాడు. ‘పిల్లల్ని కొడుతున్నదెవరు?’

మీ అమ్మ అప్పటికి చంకలో పిల్ల. మీ తాతకి పనిలేదు. ఉన్న ఆధారం నా ఉద్యోగమొక్కటే. మేడం లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, ‘నేనేనండీ. నన్ను చూసే పట్టేసింది’ అంది. నాదీ కళ్ళజోడే, ఆవిడదీ కళ్ళజోడే, ఆయన నమ్మేశాడు. ‘కొట్టే మనిషివి, నువ్వు టీచర్లకి నేర్పుతావా?’ అని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ఆవిడ తలొంచుకుని పడింది. ఆ రోజుతో ఆవిడ ఉద్యోగం సరి.

గేటు దాకా వెనకాలే పరిగెత్తాను. ఆవిడే సంచులు కిందపెట్టి, ఒకటే నవ్వు, ‘నీ గురక ఎంత బాగా పట్టిందమ్మా ఆ పిల్ల!’ అని. సంచులు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాతా? ముప్పై ఏళ్ళు చేశాను. ఎన్ని వేషాలు వేశానో లెక్కలేదు. పసిపిల్లలకి ఆటలతో నేర్పడంలో ఈవిడ తర్వాతే ఎవరైనా అని వేదికెక్కించి బహుమతిచ్చారు. మైకు నా చేతిలోనే ఉంది. ఆవిడ అప్పటికి బతికే ఉంది.

అసలు సంగతి చెప్పానా అంటే...

లే, లేచి పెరట్లో బట్టలు తియ్యి. చినుకులు పడుతున్నాయి.